పొద్దున్నే రాసిన పేజీ

ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావు తాతా అని మా సందులో పిల్లలు అడుగుతుంటారు. ఇంటర్వ్యూలకు పోయే ముందు నా దగ్గర కూర్చుని నాలుగు ముక్కలు మాట్లాడి పోతారు. సున్నపురాయి క్వారీలో నేర్చుకున్నానంటే నవ్వుతారు. నేర్చుకున్న తీరు ఒక కథ, నేర్చుకుని నేను వెలగబెట్టింది ఇంకో కథ. మొదటిది అడిగిన ప్రతివాడికీ చెప్పాను. రెండోది మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రెండూ కలిపి చెప్పేస్తున్నాను, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు నిదానం తక్కువ. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసే రకాన్ని. బస్సు కోసం నిలబడమంటే నిలబడలేక, వచ్చే దిక్కుకు ఎదురు నడుస్తాను. నిలబడ్డ చోట నిలబడని కాలు అని మా అమ్మ తిట్టేది. ఆ తిట్టులో అబద్ధం లేదు.

ఎనభైల మొదట్లో, దాచేపల్లి చుట్టుపక్కల ఒక సిమెంటు ఫ్యాక్టరీకి రాయి కొట్టిపెట్టే క్వారీలో మైనింగ్ మేట్‌గా చేరాను. మేట్ అంటే ఫోర్‌మన్ కింద, కూలీల మీద. రెండువైపులా తిట్లు తినే ఉద్యోగం. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా మా షిఫ్టు. షిఫ్టు అయిపోయేటప్పుడు ఏం పని జరిగిందో ఒక పెద్ద పుస్తకంలో పేజీ రాసి, క్వారీ ఆఫీసు బల్ల మీద పెట్టి పోవాలి. తరువాత షిఫ్టు ఫోర్‌మన్ ఆ పేజీ చూసుకుని పని మొదలుపెడతాడు. మేనేజరుది ఉత్తరాది, తెలుగు ముక్క రాదు. అందుకని ఆ పేజీ ఇంగ్లీషులోనే ఉండాలి.

నాకంటే ముందువాళ్ళు దాన్ని నిలబడే రాసేవారు. ‘హోల్స్ ట్వెల్వ్, బ్లాస్ట్ ఓకే, కంప్రెసర్ ట్రబుల్.’ అంతే. నేను పదో తరగతి పాసయ్యాను గనక పూర్తి వాక్యాలు రాయాలనుకున్నాను. చేరిన రెండో నెలలో కంప్రెసర్ చెడిపోయి, మధ్యాహ్నానికల్లా బాగయింది. బాగయిందని రాయబోయి, ఇంకా బాగుచేస్తూనే ఉన్నారని రాశాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం మేనేజరు జీపు వేసుకుని ఎండలో పడి వచ్చాడు. కంప్రెసర్ శుభ్రంగా ఆడుతోంది. నన్ను అందరి ముందూ నిలబెట్టి నా వాక్యం పైకి చదివి నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వుతున్నాడో మా కూలీలకు తెలియదు. అయినా ఆయన నవ్వాడని వాళ్ళూ నవ్వారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరు ఒక మేడం ఉండేది. నరసరావుపేట ఆవిడ. నలభై దాటి ఉంటాయి. మాట కటువు, మనసు మెత్తన అని రాయాలనుంది గానీ, మనసూ కటువే. డ్యూటీ దిగాక క్యాంటీను వెనక వరండాలో మూడు గంటలకు ఒక గంట సేపు ఎవరొస్తే వాళ్ళకు ఇంగ్లీషు చెప్పేది. పుస్తకం లేదు, బోర్డు లేదు. ఆవిడ పద్ధతి ఒకటే. ఇవాళ నువ్వు ఏం చేశావో చెప్పు, ఇప్పుడేం చేస్తున్నావో చెప్పు, రేపేం చేస్తావో చెప్పు. చేసిన పని, చేస్తున్న పని, చేయబోయే పని, ఈ మూడూ నోట్లో వేరువేరుగా పలికేదాకా వదిలేది కాదు.

ఇంకో నియమం ఉంది. చెప్పింది నిజమై ఉండాలి. మా క్వారీలో డ్రిల్లరు ఒకతను వచ్చేవాడు, కృష్ణ అవతలి నల్గొండ వైపు మనిషి, నాకంటే అయిదారేళ్ళు పెద్దయినా, మేట్‌నని నన్నే అన్నా అనేవాడు. కొత్త డ్రిల్లింగ్ మిషను తెప్పిస్తారని, దాని పుస్తకం ఇంగ్లీషులో ఉంటుందని విని నేర్చుకోవడానికి వచ్చాడు. ఒకరోజు లేచి, ‘ఐ యేట్ మటన్ టుడే’ అన్నాడు. వాక్యం పొల్లుపోలేదు. మేడం క్యాంటీను వంటాయన్ని కేకేసి ఇవాళ ఏం కూరని అడిగింది. పప్పుచారు అన్నాడాయన. “తప్పు. కూచో,” అంది మేడం. వాక్యం బాగానే ఉంది గదా మేడం అని నేను అతని తరఫున వాదించాను. “తినంది తిన్నానంటే బాగుండేదేంది?” అని నా వైపు చూడకుండానే అనేసింది. మేమంతా నవ్వాం, డ్రిల్లరు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఏడాదిలో నాకు ఇంగ్లీషు పట్టుబడింది. నిద్రలేస్తూనే చేసిన పనులన్నీ మనసులో ఇంగ్లీషులో చెప్పుకునేవాణ్ణి. పళ్ళు తోముకున్నాను, చొక్కా వేసుకుంటున్నాను, బస్సెక్కబోతున్నాను. మా అమ్మ నాకేదో గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించింది. పేజీలు చూసి మేనేజరు నన్ను పిలిపించి భుజం తట్టాడు. పక్క సెక్షన్ల మేట్లు కూడా వాళ్ళ పేజీలు తెచ్చి నా ముందు పెట్టడం మొదలుపెట్టారు. నాకు ఆ దర్జా బాగా నచ్చింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తప్పు లేకుండా రాయడానికి నాకు గంట పట్టేది. ఒక్కో వాక్యం మనసులో రెండుసార్లు అప్పజెప్పుకుంటే గానీ కలం కదిలేది కాదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మందు పేల్చడం, రెండింటికి షిఫ్టు దిగడం, రెండుంబావుకు బస్సు. ఆ బస్సు పోతే ఎండలో రాళ్ళ దారిన ఫ్యాక్టరీ దాకా నడక, మూడింటి క్లాసు పోయినట్టే. ఇంక గంట ఎక్కడిది? కానీ పొద్దున ఆరున్నరకు కూలీల్ని పనిలో పెట్టాక నాకు తీరికే. ప్రతిరోజూ జరిగేది ఒకటే. ఇన్ని హోల్స్ వేశాం, ఇంత మందు పెట్టాం, పేల్చాం, పేలిన చోటంతా చూశాం, పేలకుండా మిగిలింది ఏదీ లేదు. మధ్యాహ్నం జరిగేదంతా జరిగిపోయినట్టుగా పొద్దున్నే రాసేసేవాణ్ణి. నిలబడి తప్పులతడకగా రాసినవాళ్ళు పని అయ్యాకే రాశారని నాకప్పుడు తట్టలేదు.

పేజీ కింద బ్లాస్టరు సంతకం ఉండాలి. పేల్చింది ఆయన, చూసింది ఆయన. మా బ్లాస్టరు గురజాల సాయిబు. అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఇరవయ్యేళ్ళుగా మందు పనిలో ఉండి ఒంటి మీద గీత పడనివాడు. ఒత్తులు అంటించి చాటుకు వచ్చాక, చేతిలో గులకరాళ్ళు పట్టుకుని ఒక్కో పేలుడుకు ఒక్కో రాయి కింద పడేసేవాడు. పన్నెండు పెడితే పన్నెండు పడాలి. తెలుగు చదవగలడు, ఉర్దూ చదవగలడు, ఇంగ్లీషు మాత్రం రాదు. నా ముందున్న మేట్లు రాసింది ఎవరితోనైనా చదివించుకుని సంతకం పెట్టేవాడు. నేను వచ్చాక ఆ అలవాటు మానేశాడు. పొద్దున టీ తాగుతూ నేను పేజీ చాపితే, సంతకం గీకి, నువ్వు చదువుకున్నోడివి నాకు బెంగ లేదురా అనేవాడు.

ఇక ఆ రోజు సంగతి. పేజీ పొద్దున్నే అయింది, సంతకం పొద్దున్నే అయింది, బల్ల మీద పెట్టడమూ అయింది. ఒంటిగంటన్నరకు సైరన్ మోగించే వేళకు ఎక్కణ్ణుంచో మేకల మంద వచ్చి క్వారీ అంచున పడింది. కాపరిని కేకేసి, మేకల్ని తోలించి, ఒత్తులు అంటించేసరికి ఒంటిగంటా యాభై అయింది. నేను చాటులో నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూ గడియారం చూసుకుంటున్నాను. పేలుళ్ళు అయ్యాయి. బాబాయ్ చేతిలో ఒక రాయి మిగిలింది.

రెండు కలిసి పేలాయి బాబాయ్, నేను విన్నాను అన్నాను. నిజానికి నేను విన్నది నా గడియారం చప్పుడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అరగంట ఆగి చూడాల. నేను ఈణ్ణే కూచుంటా. నువ్వు పోయేటప్పుడు రెండో షిఫ్టాయనకు చెప్పు, నేను చూసిందాకా ఆ పేల్చిన మెట్టు మీదకు ఎవర్నీ పంపొద్దని. మర్చిపోబాక అబ్బాయ్.”

సరేనని పరుగెత్తాను. బస్సు దగ్గర దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు తోసుకుంటున్నారు. రెండో షిఫ్టు ఫోర్‌మన్ బస్సు దిగుతూ నన్ను చూసి, పేజీ రాశావా అని అడిగాడు. రాశాను, బల్ల మీద ఉందన్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీగా కనబడింది. ఎక్కి కూర్చున్నాను. జరిగింది అంతే. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు తవ్వుకుని చూశాను, ఇంకో కారణం ఏదీ దొరకలేదు.

ఆ ఫోర్‌మన్ ఆఫీసులోకి పోయి పేజీ చదివాడు. అంతా చూశాం, ఏమీ మిగల్లేదు అని చక్కటి ఇంగ్లీషులో ఉంది. డ్రిల్లర్ని మెట్టు మీదకు పంపాడు. మా క్లాసులో పప్పుచారు తిని మటన్ అన్న డ్రిల్లరే. ఆ వారం అతను రెండో షిఫ్టులో ఉన్నాడు. బాబాయ్ అవతలి గట్టు నుంచి చూసి చేతులు ఊపుతూ అరిచాడట. కంప్రెసర్ మోతలో వినబడలేదు. గునపంతో వదులు రాళ్ళు దొర్లిస్తుంటే పేలకుండా మిగిలిన మందు పేలింది. మధ్యలో ఒక బండ అడ్డం ఉండబట్టి ప్రాణం దక్కింది. ఎడమ కన్ను పోయింది, ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. నేను అప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రేపేం చేస్తానో క్లాసు కోసం ఇంగ్లీషులో అప్పజెప్పుకుంటున్నాను.

నాలుగో రోజున గనుల ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. ఆయనదీ ఉత్తరాదే. ముందురోజే మేనేజరు నన్ను పిలిచి, నీకు ఇంగ్లీషు వచ్చు గనక భయం లేదు, అడిగినదానికి జవాబు చెప్పు చాలు, ఫోర్‌మన్ పరీక్షకు నీ పేరు పంపుతున్నానని కూడా చెప్పాడు. బాబాయ్ మాటలు తర్జుమా చేయడానికి ఆపరేటరు మేడంను పిలిపించారు. ఆవిడ నాకు ఎదురుగా కూర్చుంది.

పేజీ ఎప్పుడు రాశావని ఇన్‌స్పెక్టరు అడిగాడు. పేల్చిన తరువాత అని చెప్పాను. బ్లాస్టరు నీతో ఏమైనా చెప్పాడా అంటే, లేదు సార్ అన్నాను. ఒక్క మాట తడబడలేదు. వాక్యాలన్నీ ఎక్కడికక్కడ సరిపోయాయి. మేనేజరు తృప్తిగా తల ఊపాడు.

తరువాత బాబాయ్‌ని నిలబెట్టారు. ఈ అబ్బాయికి చెప్పానన్నాడు. పేజీ చూపించి ఈ సంతకం నీదేనా అని అడిగారు. నాదే, పొద్దున్నే పెట్టానన్నాడు. చదవకుండా ఎందుకు పెట్టావని అడిగారు.

“ఈ అబ్బాయి రాస్తే నేను చదివేదేముందయ్యా,” అన్నాడు.

మేడం దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ తర్జుమా చేయకముందే నాకు అర్థమైన మాట అది, చేశాక ఇంకోసారి వినాల్సి వచ్చింది. రాసినదాని ముందు నోటిమాట నిలుస్తుందా? బాబాయ్‌ని పనిలోంచి నిలిపేశారు. బ్లాస్టరు సర్టిఫికెట్ తీసుకున్నారు. రిపోర్టు వారంలో పైకి పోతుంది, పోతే ఆ సర్టిఫికెట్ ఇక రాదు. అది లేకపోతే ఆయనకు ఏ క్వారీలోనూ పని లేదు. ఆయనకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది, పెళ్ళి కావాల్సిన కూతురు ఉంది.

ఆయన నా మీదకు గొడవకు వస్తాడని చూశాను. రాలేదు. వచ్చి నాలుగు తన్నినా నాకు బాగుండేది. ఆ వారమంతా కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. బస్సు ఎక్కి రెండు స్టాపులు పోయి దిగేవాణ్ణి. నరసరావుపేట ఆసుపత్రికి పోయి, వార్డు గుమ్మం దాకా వెళ్ళి బయటికి వచ్చేసి, మళ్ళీ లోపలికి పోయాను. డ్రిల్లరు కట్లతో పడుకుని ఉన్నాడు. భార్య కొబ్బరి నీళ్ళు పడుతోంది. నన్ను చూసి సంతోషపడ్డాడు.

“బాబాయ్ మీద నాకేం కోపం లేదన్నా. ముసలోడు, మర్చిపోయిండేమో. నువ్వు చెప్పు ఆయనకు, నేనేం అనుకుంటలేనని.”

చెబుతానన్నాను. అయిదు నిమిషాలు కూడా కూర్చోలేదు. బస్టాండులో ఆ మాటలే చెవుల్లో మోగుతుంటే మాచర్ల బస్సు ఎక్కి, టికెట్ తీసుకునేటప్పుడు గానీ అది నా బస్సు కాదని గమనించలేదు.

క్లాసుకు మాత్రం మానకుండా పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. మేడం మామూలుగానే వరసగా ఒక్కొక్కర్నీ అడిగేది. ఇవాళ ఏం చేశావు, ఇప్పుడేం చేస్తున్నావు. నా దగ్గరికి వచ్చేసరికి నన్ను దాటి పక్కవాణ్ణి అడిగేది. మొదటి రోజు మరిచిపోయిందనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు ఉండబట్టలేక, మేడం నన్నడగలేదన్నాను.

“నువ్వేం చెప్పినా ఇంగ్లీషు సరిగ్గానే ఉంటది,” అంది. “నీకింక నేను చెప్పేదేం లేదు.”

లేచి వచ్చేశాను. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాయబోయాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి చాప మీద కాగితాల కుప్ప పడింది. ఇంగ్లీషులో రాస్తుంటే ప్రతి వాక్యమూ నున్నగా వచ్చేది, నేను మాత్రం ఆ వాక్యంలోంచి తప్పుకునేవాణ్ణి. ‘ఆ పరిస్థితుల్లో’ అని ఒకచోట, ‘తొందరలో’ అని ఇంకోచోట. చించేసి తెలుగులో మూడు ముక్కలు రాశాను. పేజీ పొద్దున్నే రాశాను, సంతకం పొద్దున్నే పెట్టించాను. ఒకటి పేలలేదని, ఎవర్నీ పంపొద్దని బాబాయ్ నాకు చెప్పాడు. నేను ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

ఆ కాగితం తీసుకుని ఫ్యాక్టరీకి పోయి, మేడం కూర్చునే టెలిఫోను గదిలోకి దూరాను. ఆవిడ ఫోన్లు కలుపుతూనే చదివింది.

“ఇది ఇస్తే నీ ఉద్యోగం పోవచ్చు. తెలుసుగా?”

తెలుసన్నాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పెట్టమని అడిగాను, నేను రాస్తే చెడగొడతానని కూడా చెప్పాను. రెండు ఫోన్ల మధ్య ఆవిడ రాసిచ్చింది. పిల్లలు రాసుకునేలాంటి చిన్న చిన్న వాక్యాలు. సంతకం పెట్టి, మేనేజరు చేతికి ఇవ్వకుండా, నేనే గుంటూరు పోయి ఇన్‌స్పెక్టరు దిగిన గెస్ట్‌హౌస్‌లో ఆయన చేతికిచ్చాను. రిపోర్టు ఇంకా టైపు అవుతోంది.

ఉద్యోగం పోలేదు. మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఫోర్‌మన్ పరీక్షకు నా పేరు తరువాత ఎనిమిదేళ్ళ దాకా పంపలేదు. మేనేజరు నాతో మళ్ళీ మాట్లాడలేదు, దానికి నేను పెద్దగా బాధపడలేదు. డ్రిల్లరును గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు. జరిగిందంతా అతనికి నేనే చెప్పాను. ఆ తరువాత గేటు దాటేటప్పుడు నాకు సలాం కొట్టేవాడు గానీ, అన్నా అని పిలవడం మానేశాడు. మేడం క్లాసులో మళ్ళీ నన్ను అడగడం మొదలుపెట్టింది.

బాబాయ్‌కి సర్టిఫికెట్ తిరిగి ఇచ్చారు. నేను సస్పెన్షన్ అయి వచ్చేసరికి మా ఇద్దర్నీ ఒకే షిఫ్టులో వేశారు. ఇంగ్లీషు రాసేది నేనే గనక పేజీ మళ్ళీ నా చేతికే వచ్చింది. మందు పేలాక, ఆయన పోయి చూసి వచ్చాక, రాళ్ళ మీద కూర్చుని రాసేవాణ్ణి. ఇద్దరికీ బస్సు పోయేది, ఇద్దరం నడిచేవాళ్ళం. రాసి చాపితే ఆయన కలం పట్టుకునేవాడు కాదు. చదవమనేవాడు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాలి. హోల్స్ పన్నెండు అంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు. అనుమానం వస్తే లేచి పోయి మళ్ళీ చూసి వచ్చేవాడు. అప్పుడు సంతకం పెట్టేవాడు.

నా మీద ఆయనకు కోపం లేదు. ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను. రంజాన్‌కు మా ఇంటికి సేమ్యా పాయసం గిన్నె వచ్చేది. నా పెళ్ళికి గురజాల నుంచి కుటుంబమంతా వచ్చి రెండు రోజులున్నారు. నడుస్తూ పోతుంటే తన కూతురి సంబంధాల సంగతి నాకే చెప్పేవాడు, ఏ సంబంధం మంచిదో అడిగేవాడు. అందుకే మూడో ఏట ఒక మధ్యాహ్నం, పేజీ ఆయన ముందు పెట్టి, ఉండబట్టలేక అడిగేశాను. బాబాయ్, ఇన్నాళ్ళయింది గదా, ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా అని.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కలం ముట్టకుండా పేజీ నా వైపు జరిపాడు.

“లేదురా అబ్బాయ్,” అన్నాడు. “చదువు.”

చదివాను.